ఇంటి కెమెరాను దూరం నుంచి చూడటం: అమరిక, లోపాలు, రక్షణ

ఇంటికి కెమెరా బిగించడం ఒక పని. ఆ కెమెరా చూస్తున్నదాన్ని ఊరు దాటి, దేశం దాటి ఫోన్‌లో చూడగలగడం వేరే పని. మొదటిదానికి నిచ్చెన, డ్రిల్లు, వైరింగ్ తెలిసిన మనిషి చాలు. రెండోది నెట్‌వర్క్ వ్యవహారం. అంగట్లో రెండింటినీ కలిపి ఒకే సరుకుగా అమ్ముతారు కాబట్టి, గుంటూరు ఇంటి గేటు డాలస్‌లో ఉన్న కూతురి ఫోన్‌లో కనపడటం మానేసిన రోజున నేరమంతా కెమెరా మీద పడుతుంది. నిజానికి గేటు మీది లెన్స్ నుంచి ఆ ఫోన్ తెర దాకా బొమ్మ చాలా మజిలీలు దాటాలి: కెమెరాకు అందే కరెంటు, అక్కణ్నుంచి రికార్డరుకు వెళ్లే వైరు లేదా వైఫై, రికార్డరు, ఇంటి రౌటర్, ఇంటర్నెట్ కంపెనీ లైను, కెమెరా కంపెనీ సర్వరు, ఆఖరున చూసేవాళ్ల ఫోన్. దూర వీక్షణ బాగోగులను తేల్చేది మెగాపిక్సెళ్లకంటే ఎక్కువగా ఈ దారే. ఏ దారిన చూడాలో తెలిసి ఎంచుకున్న ఇంట్లో లోపాలు తక్కువగా వస్తాయి, వచ్చినవీ త్వరగా దొరుకుతాయి. అపరిచితులు ఇంట్లోకి తొంగిచూసేదీ ఈ దారిలోనే కాబట్టి చూడగలగడం, చూడనివ్వకపోవడం అనే రెండు ప్రశ్నలను విడదీసి ఆలోచించడం కుదరదు.

ఇంటి కెమెరా ఆలోచన కొత్తది కాదు. న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో ఉండే నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. 1969 డిసెంబరులో అది మంజూరైంది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో రంధ్రాలు, వాటి వెంట కదిలే కెమెరా, లోపలి గదిలో తెర, బయటివాళ్లతో మాట్లాడే మైకు, మీట నొక్కితే తెరుచుకునే తలుపు అందులో ఉన్నాయి. ఈనాటి వీడియో డోర్‌బెల్‌లో ఉన్నవి దాదాపు అవే. అందులో లేనిది దూరం మాత్రమే. 1993లో కేంబ్రిడ్జ్ కంప్యూటర్ ప్రయోగశాలలోని కాఫీ కుండ బొమ్మ వెబ్‌కు ఎక్కింది; 1996లో స్వీడన్‌కు చెందిన ఆక్సిస్ సంస్థ నేరుగా నెట్‌వర్క్‌కు తగిలించే కెమెరాను అమ్మకానికి పెట్టింది; 2008లో ఆక్సిస్, బాష్, సోనీ కలిసి ఏ కంపెనీ కెమెరా అయినా ఏ కంపెనీ రికార్డరుతోనైనా మాట్లాడేందుకు ఆన్‌విఫ్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని మొదలుపెట్టాయి. తెలుగు రాష్ట్రాల్లో కెమెరాల వ్యాప్తికి పోలీసుల చొరవ తోడైంది. జనం గుమికూడే సంస్థలకు కెమెరాలను తప్పనిసరి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రజా భద్రతా చట్టం వచ్చింది. హైదరాబాద్ పోలీసులు ‘నేను సైతం’ పేరుతో కాలనీవాసుల చేత కెమెరాలు పెట్టించారు. ఊరెళ్లేవాళ్లు కోరితే తాళం వేసిన ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెట్టి, అలికిడి కాగానే కంట్రోల్ రూముకు తెలిపే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్ పోలీసులు నడిపారు. ఈ చివరి ఏర్పాటులో గమనించవలసింది ఒకటుంది. అక్కడ ఎవరూ రోజంతా తెర ముందు కూర్చోరు. కదలిక జరిగినప్పుడు కబురు చేరడమే అందులో ముఖ్యం. ఇంటి కెమెరాకూ అదే వర్తిస్తుంది.

సామగ్రి విషయానికొస్తే, మన ఊళ్లలో ఎక్కువగా కనపడేది డీవీఆర్ పద్ధతి. ఒక్కో కెమెరా నుంచి డీవీఆర్ అనే రికార్డరు పెట్టెకు ‘త్రీ ప్లస్ వన్’ అని పిలిచే వైరు వస్తుంది. అందులో ఒకటి బొమ్మను మోసే కోయాక్సియల్ తీగ, తక్కిన మూడూ కరెంటుకు, మాటకు పనికొచ్చే సన్న తీగలు. రెండోది ఎన్‌వీఆర్ పద్ధతి: కెమెరాయే బొమ్మను డిజిటల్‌గా మార్చి నెట్‌వర్క్ కేబుల్ మీద పంపుతుంది. 2003 నాటి పీఓఈ ప్రమాణం పుణ్యమా అని అదే కేబుల్ మీద 15.4 వాట్ల దాకా కరెంటు కూడా ఎక్కించవచ్చు, 100 మీటర్ల దాకా లాగవచ్చు. మూడోది మెమరీ కార్డు వేసుకునే విడి వైఫై కెమెరా. నాలుగోది లైను లేని పొలం షెడ్డుకూ మామిడి తోటకూ పెట్టే సిమ్ కెమెరా. ఇందులో తీర్పు చెప్పక తప్పదు: గేటుకూ, పెరటికీ, మేడ మీదికీ వైరు ఉన్నదే మంచిది. వైఫై కెమెరా బిగించడం తేలిక కాబట్టి అందరూ మొగ్గుతారు గానీ, రౌటర్‌కూ ఆ కెమెరాకూ మధ్య రెండు ఇటుక గోడలూ ఒక కాంక్రీటు స్లాబూ అడ్డం వస్తే సిగ్నల్ బాగా సన్నగిల్లుతుంది. లోపలి హాలుకు వైఫై చాలు.

నిల్వ లెక్క ముందే వేసుకోవాలి. ఫుల్ హెచ్‌డీ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తుందనుకుంటే రోజుకు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 86 జీబీ. అంటే 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో పన్నెండు రోజులకు కాస్త తక్కువే నిలుస్తుంది. 2013లో ఖరారైన హెచ్.265 పద్ధతి వాడితే దాదాపు రెట్టింపు రోజులు వస్తాయి. పండక్కి ఊరెళ్లి మూడు వారాలకు తిరిగొచ్చేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

ఇక అసలు చిక్కు చిరునామాలది. ఇంటర్నెట్‌లో బయటి నుంచి ఒక పరికరాన్ని పలకరించాలంటే దానికి లోకమంతటా చెల్లే నంబరు ఉండాలి. ఐపీవీ4 పద్ధతిలో అలాంటి నంబర్లు దాదాపు 430 కోట్లు మాత్రమే. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకని ఇంటిలోపలి పరికరాలన్నీ 192.168 లాంటి అంకెలతో మొదలయ్యే సొంత నంబర్లు వాడుకుంటాయి, బయటికి మాత్రం రౌటర్ నంబరు ఒక్కటే కనపడుతుంది. ఒకే గేటున్న అపార్ట్‌మెంటులో ఫ్లాటు నంబరు లోపలివాళ్లకే పనికొచ్చినట్టు ఇది. కొరత ముదిరాక ఇంటర్నెట్ కంపెనీలు ఇంకో మెట్టు ఎక్కి, వందలాది ఇళ్లను కలిపి ఒకే బయటి నంబరు వెనక పెట్టడం మొదలుపెట్టాయి. దీన్నే సీజీనాట్ అంటారు. ఇందుకోసం 2012లో 100.64తో మొదలై 100.127 దాకా ఉన్న నంబర్లను విడిగా కేటాయించారు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ (బయటి వైపు) చిరునామా ఆ మధ్యలో ఉన్నా, అక్కడి నంబరూ ‘నా ఐపీ ఎంత’ అని చెప్పే వెబ్‌సైటు చూపే నంబరూ వేరైనా, ఆ ఇంటి తలుపు నేరుగా వీధిలోకి లేదన్నమాట. మన దగ్గర మొబైల్ నెట్ దాదాపుగా ఇంతే, ఇళ్లకు వచ్చే ఫైబర్ కనెక్షన్లలోనూ చాలావాటి పరిస్థితి ఇదే. స్థిరమైన బయటి నంబరు కావాలంటే కంపెనీకి అదనంగా కట్టాలి.

ఈ గోడను దాటడానికి మూడు దారులున్నాయి. పాతది పోర్ట్ ఫార్వార్డింగ్: ఫలానా ద్వారం మీద వచ్చినవాళ్లను ఫలానా రికార్డరు దగ్గరికి పంపమని రౌటర్‌కు చెప్పడం. సీజీనాట్ ఉన్నచోట ఇది ఎంత తంటాలు పడినా పనిచేయదు, ఎందుకంటే అసలు గేటు మన రౌటర్ చేతిలో లేదు. పనిచేసేచోట మాత్రం అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. ఆ ద్వారం కూతురికి తెరుచుకున్నట్టే ప్రపంచంలో ఎవరికైనా తెరుచుకుంటుంది. తెరిచి ఉన్న ద్వారాలను వెతికి పట్టికలు వేసే షోడాన్ లాంటి శోధన యంత్రాలు 2009 నుంచీ ఉన్నాయి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ చేసిందీ ఇలా తలుపులు తట్టుకుంటూ పోవడమే. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ, డీవీఆర్‌లనూ అరవైకి పైగా యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జంటలతో తెరిచి, వాటన్నిటినీ ఒక సేనగా కూర్చి, ఆ ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డిన్ అనే సంస్థ సర్వర్ల మీదికి ఉసిగొల్పారు. అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి తడబడ్డాయి. ఎవరి ఇంటికో కాపలా కాయాల్సిన పెట్టెలు ఆ దాడిలో ఆయుధాలయ్యాయి.

బలమైన పాస్‌వర్డ్ పెడితే పోర్ట్ ఫార్వార్డింగ్‌లో తప్పేముంది, కంపెనీ సర్వరు మీద ఆధారపడే బాధ తప్పుతుంది కదా అని అనుభవజ్ఞులైన టెక్నీషియన్లు అంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. కంపెనీ మూతపడ్డా, సర్వరు ఆగిపోయినా ఆ దారి నడుస్తుంది. మిగతా సగానికి జవాబు 2021లో దొరికింది. హైక్‌విజన్ కంపెనీ కెమెరాలు అనేకం పాస్‌వర్డ్ అడగకుండానే బయటివాళ్ల ఆదేశాలను అమలుచేసే లోపంతో ఉన్నాయని బయటపడింది. తీవ్రత పదికి 9.8గా లెక్కగట్టారు, సెప్టెంబరులో సవరణ ఇచ్చారు. తాళాన్నే అడగని తలుపుకు తాళం ఎంత గట్టిదైతే ఏం లాభం? ఫర్మ్‌వేర్ సవరణలు క్రమం తప్పకుండా వేసుకునే ఇళ్లు మన దగ్గర అరుదు. కాబట్టి ఇళ్లకు ఈ దారి వద్దనే చెప్పాలి. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సదుపాయం తెరిచి ఉంటే పరికరాలు అడగకుండానే తమంతట తాము ఇలాంటి ద్వారాలు తెరిపించుకుంటాయి. దాన్ని ఆపేయడం మంచిది.

రెండో దారి పీ2పీ. డబ్బా మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేయగానే జరిగేది ఇదే. కెమెరా లోపలి నుంచి బయటికి, కంపెనీ సర్వరుకు తనే ఫోన్ చేసి లైను పట్టుకుని ఉంటుంది. ఫోన్‌లోని యాప్ కూడా అదే సర్వరును పలకరిస్తుంది. సర్వరు ఇద్దరికీ ఒకరి ఆచూకీ ఒకరికి ఇచ్చి నేరుగా కలపడానికి చూస్తుంది. కుదరకపోతే బొమ్మనంతా తన గుండానే మోస్తుంది. లోపలి నుంచి బయటికి వెళ్లే పిలుపును సీజీనాట్ అడ్డుకోదు కాబట్టి మన దేశంలో ఇంత తేలిగ్గా పనిచేసే దారి ఇంకొకటి లేదు. అయితే ఇందులో నమ్మకమంతా ఆ సర్వరు మీద ఉంది. 2019లో ఐలింక్‌పీ2పీ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే 20 లక్షలకు పైగా పరికరాల గుర్తింపు నంబర్లను ఊహించి పట్టుకోవచ్చని ఒక పరిశోధకుడు చూపించాడు. 2021లో కలే అనే ఇంకో వేదికలో ఇలాంటి లోపమే బయటపడింది. 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే కెమెరా కంపెనీ సర్వర్లు ఒక అంతరాయం తర్వాత తిరిగి లేస్తుండగా సుమారు 13,000 మంది ఖాతాదారులకు ఎవరి ఇళ్లవో బొమ్మలు కనపడ్డాయి. వీళ్లెవరూ పాస్‌వర్డ్ విషయంలో తప్పు చేసినవాళ్లు కారు.

మూడో దారి సొంత వీపీఎన్. ఇంట్లో చిన్న పరికరం మీద గానీ, సత్తా ఉన్న రౌటర్ మీద గానీ వైర్‌గార్డ్ వంటిది నడిపితే, దూరాన ఉన్న ఫోన్ రహస్య సొరంగం గుండా ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చి, హాల్లో కూర్చున్నట్టే కెమెరాను చూస్తుంది. సీజీనాట్ ఉన్నచోట టెయిల్‌స్కేల్ వంటి సేవలు రెండు కొసలనూ కలుపుతాయి. వాటిలో కూడా మధ్యన ఒక కంపెనీ ఉంటుంది, కానీ బొమ్మ తాళం దాని దగ్గర ఉండదు. భద్రతలో ఇదే మేలైనది. చేతకానివాళ్లకు ఇది గుదిబండ అనే అభ్యంతరమూ న్యాయమైనదే: ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు మాత్రమే ఉండి, ఆ చిన్న పరికరం ఆగిపోతే మళ్లీ నిలబెట్టే మనిషి లేకపోతే, ఎంత భద్రమైన దారైనా ఆ రోజుతో మూతపడుతుంది. అందుచేత చాలా ఇళ్లకు తగినది పీ2పీయే. దానికి మూడు కట్టుబాట్లు జోడించాలి: యాప్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ ఉండాలి, పడకగదుల్లో కెమెరా ఉండకూడదు, కెమెరాలను రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్ మీద విడిగా ఉంచి, అవి ఇంటి కంప్యూటర్ల జోలికి పోకుండా చేయాలి. కొనేటప్పుడే చూసుకోవలసింది కూడా ఒకటుంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2024 ఏప్రిల్ 9న సీసీటీవీలకు భద్రతా పరీక్షలను తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది, అది 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ పరీక్షలు దాటిన సరుకునే అడిగి తీసుకోవాలి.

అమర్చే రోజున జరిగే ఒక పొరపాటు ఏళ్ల తరబడి బాధిస్తుంది. కెమెరాలు బిగించిన అబ్బాయి తొందరలో తన మొబైల్ నంబరు మీదే ఖాతా తెరిచి, డీవీఆర్‌ను దానికి కట్టి, ఇంటివాళ్లకు ‘షేర్’ చేసి వెళ్లిపోతాడు. ఆనాడు అందరికీ కనపడుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ యజమాని ఖాతా అతనిది. అతను నంబరు మార్చినా, వ్యాపారం మానేసినా ఆ పెట్టె ఇంకే ఖాతాలోకీ రాదు, అతని ఖాతా నుంచి విడిపించమని కంపెనీకి రుజువులు పంపుకోవాలి. అంతదాకా అతను కోరుకున్నప్పుడల్లా ఇంటిని చూడగలడు. మొదటి ఖాతా ఇంటివాళ్ల నంబరు మీద తెరవాలి. డీవీఆర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంటివాళ్లే పెట్టుకుని కాగితం మీద రాసి బీరువాలో ఉంచుకోవాలి. అమెరికాలో ఉన్న పిల్లలకు షేర్ చేయాలి. గోడకు మేకు కొట్టకముందే అన్ని కెమెరాలనూ బల్ల మీద పెట్టి, ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద బొమ్మ వస్తోందా అని చూడటం వల్ల తర్వాత నిచ్చెనెక్కే పని తగ్గుతుంది.

లోపం వచ్చినప్పుడు వెతకడానికి ఒక క్రమం ఉంది, అది ఇంటి నుంచి బయటికి. డీవీఆర్‌కు టీవీ తగిలించి చూస్తే బొమ్మ ఉందా? ఉంటే కెమెరా, వైరు, రికార్డరు నిర్దోషులు. తర్వాత రౌటర్: ఇంట్లోని ఫోన్‌కు నెట్ వస్తోందా, ఫైబర్ డబ్బా మీద లాస్ అని రాసి ఉన్న ఎర్ర దీపం వెలుగుతోందా? వెలిగితే తీగ ఎక్కడో తెగింది, ఈదురుగాలులకు స్తంభాల మీది ఫైబర్ తెగడం మామూలే. నెట్ బాగుండి, టీవీలో బొమ్మ ఉండి, యాప్ మాత్రం ‘ఆఫ్‌లైన్’ అంటోంటే రికార్డరుకూ రౌటర్‌కూ మధ్య మాట తప్పిందని అర్థం. ఇందులో తరచుగా ఎదురయ్యేది కనెక్షన్ మారిన ఇల్లు. పాత రౌటర్ ఉన్నప్పుడు డీవీఆర్‌కు 192.168.1.64 అని స్థిరమైన నంబరు ఇచ్చి ఉంటారు. కొత్తగా జియో ఫైబర్ వస్తుంది. దాని రౌటర్ 192.168.29 వరుసలో మాట్లాడుతుంది. కేబుల్ తగిలించే ఉంటుంది, దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది, కానీ పాత వరుసలో ఉన్న డీవీఆర్ కొత్త రౌటర్‌ను గుర్తుపట్టలేదు. బయటికి దారి చూపే గేట్‌వే నంబరు 192.168.1.1 అనే దాని నమ్మకం, ఆ నంబరుతో ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. మెనూలోకి వెళ్లి డీహెచ్‌సీపీ ఆన్ చేస్తే కొత్త నంబరు, గేట్‌వే, డీఎన్‌ఎస్ మూడూ రౌటరే ఇస్తుంది. తర్వాత ఆ నంబరు మారకుండా రౌటర్‌లోనే కేటాయించుకోవచ్చు. రెండు నిమిషాల ఈ పనికి కొత్త డీవీఆర్ కొనిపించడం అన్యాయం. వైఫై కెమెరాలకు ఇలాంటి బాధే కొత్త రౌటర్‌తో వైఫై పేరూ పాస్‌వర్డూ మారడం వల్ల వస్తుంది. పైగా చౌక కెమెరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి కాబట్టి, కొత్త రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరుంటే కొన్ని కెమెరాలు జతకావడానికి మొరాయిస్తాయి. 2.4కు వేరే పేరు పెట్టి, పాత పేరూ పాత పాస్‌వర్డూ దానికే ఇస్తే చాలా కెమెరాలు తమంతట తామే వచ్చి కలుస్తాయి.

పగలంతా బాగుండి చీకటి పడగానే పోయే కెమెరా ఇంకో రకం. దీన్ని నెట్ లోపమని చాలామంది పొరబడతారు. సాయంత్రం కెమెరాలో ‘టక్’మని చిన్న చప్పుడు వస్తుంది, లెన్స్ వెనక ఉన్న ఫిల్టరు పక్కకు జరిగి, చుట్టూ ఉన్న పరారుణ దీపాలు వెలుగుతాయి. పగలు 0.2 ఆంపియర్లతో సరిపెట్టుకున్న కెమెరా అప్పుడు 0.5 దాకా లాగవచ్చు. 30 మీటర్ల దూరం, 0.2 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అనుకుంటే రానూపోనూ 5 ఓములు అడ్డుపడతాయి. పగలు అందులో 1 వోల్టు పోయి 11 మిగులుతుంది. రాత్రి రెండున్నర పోయి 12 వోల్టుల అడాప్టర్ నుంచి కెమెరాకు చేరేది తొమ్మిదిన్నరే. కెమెరా ఆరిపోతుంది, భారం తగ్గి వోల్టేజీ లేస్తుంది, మళ్లీ వెలుగుతుంది, దీపాలు వెలగ్గానే మళ్లీ ఆరుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అయితే పరిస్థితి ఇంకా అధ్వానం. మందమైన తీగ వేయడమో, కెమెరాకు దగ్గర్లో అడాప్టర్ పెట్టడమో చేస్తేనే ఇది కుదురుతుంది. రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. వానాకాలంలో అతుకుల దగ్గర టేపు చుట్టి వదిలేసిన కనెక్టర్లలోకి నీరు చేరినా బొమ్మ ఇలాగే గీతలు పడి మాయమవుతుంది, వాటిని ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఉంచాలి. కరెంటు గురించే ఇంకో మాట. చాలా ఇళ్లలో డీవీఆర్‌కు ఇన్వర్టర్ లైను ఇచ్చి, ఫైబర్ డబ్బాకూ రౌటర్‌కూ ఇవ్వడం మరచిపోతారు. కరెంటు పోయిన రాత్రి రికార్డింగు జరుగుతూనే ఉంటుంది, చూసే కన్ను మాత్రం మూసుకుపోతుంది. ఎక్కువగా చూడాలనిపించేది ఆ రాత్రే.

బొమ్మ వస్తోంది గానీ ఆగి ఆగి వస్తోందంటే ఇంటి అప్‌లోడ్ వేగాన్ని కొలవాలి. ప్లాన్‌లో గొప్పగా చెప్పేది డౌన్‌లోడ్. కెమెరాకు కావలసింది బయటికి పంపే వేగం. నాలుగు కెమెరాల పూర్తి బొమ్మకు 8 మెగాబిట్లు ఖాళీగా ఉండాలి. అందుకే ప్రతి కెమెరాకూ రెండు ధారలుంటాయి: రికార్డుకు మెయిన్ స్ట్రీమ్, దూరానికి చిన్నదైన సబ్ స్ట్రీమ్. రెండోదాన్ని అర మెగాబిట్ దగ్గర ఉంచి, అవసరమైనప్పుడు మాత్రం పెద్దదాన్ని తెరవాలి. సిమ్ కెమెరాకు ఈ లెక్క మరీ ముఖ్యం. అర మెగాబిట్ ధారను నిరంతరం చూస్తే రోజుకు 2 జీబీ ప్యాక్ సుమారు 9 గంటల్లో అయిపోతుంది. కదలిక కబురు వచ్చినప్పుడే తెరిస్తే నెలంతా నడుస్తుంది. కబుర్లు లెక్కలేనన్ని వస్తే మనిషి ఫోన్ మోగనివ్వడం మానేస్తాడు. కొబ్బరాకు ఊగినా, సాలీడు లెన్స్ ముందు గూడు కట్టినా మోగే కెమెరా అసలు దొంగ వచ్చిన రోజు మోగినా మోగకపోయినా ఒకటే. చూపులో గేటు, తలుపు ఉన్నంత మేరకే గీత గీసి, మనుషుల కదలికకే కబురు పెట్టమని అమర్చుకోవడం దూర వీక్షణలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పని.

ప్రత్యక్షంగా బొమ్మ వస్తుంటే అంతా బాగున్నట్టే అనుకోవడం ఇంకో భ్రమ. హార్డ్‌డిస్క్ పాడైనా లైవ్ బొమ్మకు లోటుండదు. చోరీ జరిగాక వెనక్కి తిప్పి చూస్తే ఆరు నెలలుగా ఏమీ రాయలేదని అప్పుడు తెలుస్తుంది. నెలకోసారి నిన్నటి రికార్డింగు తెరిచి చూడటానికి నిమిషం పట్టదు. గడియారం కూడా చూడాలి. రికార్డరులోని బొత్తాం బ్యాటరీ అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ మొదటికొస్తుంది. టైమ్ జోన్ పెట్టకుండా వదిలేస్తే సమయం అయిదున్నర గంటలు వెనక పడవచ్చు. టైమ్ జోన్ సరిగా పెట్టి, నెట్ నుంచి సమయం తెచ్చే ఎన్‌టీపీ ద్వారా గడియారం సరిచేసుకోమని ఒకసారి అమరిస్తే ఈ బెడద తీరుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో కూడిన ధ్రువపత్రం జతచేయాలి. ఫోన్ తెరను ఇంకో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో తిప్పిన వీడియోకు అక్కడ నిలబడే సత్తా తక్కువ. రికార్డరు నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి తీసిన ఫైలును, పెట్టెను అలాగే ఉంచి, పోలీసులకు అప్పగించాలి.

ఇంత జాగ్రత్త ఇంటికి అవసరమా, ఏదో అమ్మానాన్నలు క్షేమంగా ఉన్నారా అని చూసుకోవడానికే కదా అనే మాట తరచుగా వినపడుతుంది. క్షేమం కోసం పెట్టినదే కాబట్టి మరింత జాగ్రత్త కావాలి. గేటు మీది కెమెరాను అపరిచితుడు చూస్తే తెలిసేది వీధి. హాల్లోదాన్ని చూస్తే తెలిసేది మందులు ఎప్పుడు వేసుకుంటారో, తలుపు ఎవరు తీస్తారో, ఇంట్లో ఇద్దరే ఉండే గంటలేవో. సొంత ఇంటి అవసరానికి చేసే పనిని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన పరిధి నుంచి మినహాయించిన మాట నిజమే. కానీ ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల వివాదంలో, సహనివాసి అంగీకారం లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో జోక్యం చేసుకోవడానికి 2025 మేలో సుప్రీంకోర్టు నిరాకరించింది. ఇంటి యజమాని అయినంత మాత్రాన లోపలివాళ్ల ఏకాంతం మీద హక్కు రాదన్నమాట. తల్లిదండ్రుల హాల్లో కెమెరా పెట్టాలనుకునే పిల్లలు వాళ్లను అడిగి, ఏ మూల కనపడుతుందో యాప్‌లో వాళ్లకే చూపించి, వద్దన్న గదిని వదిలేయాలి. మైకు ఆపేసే మీట చాలా కెమెరాల్లో ఉంటుంది, దాన్ని ఆపి ఉంచడమే మర్యాద. ఏడాదికోసారి యాప్‌లో షేర్ చేసిన పేర్ల పట్టిక తెరిచి, అమ్మేసిన పాత ఫోన్‌ను, మానేసిన వాచ్‌మన్‌ను, ఎప్పుడో ఒకసారి చూపించిన బంధువును తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, కొత్త పాస్‌వర్డ్‌ను బీరువాలోని కాగితం మీద దిద్దుకోవాలి.